తనంతట తానే శుభ్రపడే పొయ్యి



ఈవేళ మీతో ఒక పొయ్యి సంగతి ముచ్చటిద్దామని వచ్చాను. పొయ్యి గురించి మాకు కొత్తగా చెప్పేదేముంది, బుద్ధెరిగిన నాటినుంచీ దాని ముందే ఉన్నాం కదా అంటారేమో. నిజమే. కాని ఇది మన పొయ్యి కాదు. అమెరికాలో మన పిల్లల ఇళ్లల్లో ఉండే పొయ్యి. మీట నొక్కితే చాలు, తనంతట తానే శుభ్రపడుతుందని పేరు పడిన పొయ్యి.

ఈ రోజుల్లో కూతురి పురిటికో కోడలి పురిటికో విమానం ఎక్కిన తల్లులు వీధికి ఒకరిద్దరైనా ఉన్నారు. మీలో కొందరు వెళ్లివచ్చి ఉంటారు. కొందరు వెళ్లే ప్రయత్నంలో ఉంటారు. ఊరగాయలు కారకుండా ఎలా కట్టాలో, చలికి ఏమేమి పట్టుకెళ్లాలో చెప్పేవారు మనకు బోలెడుమంది. ఆ పొయ్యి గురించి చెప్పేవారు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. తగిలి ఉంటే ఈ ప్రసంగానికి అవసరమే ఉండేది కాదు. నేను చేసిన ఒక పొరపాటు మీరు చెయ్యకూడదనే నా తాపత్రయం. అందుకని కాస్త సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు చెబుతాను.

మన చిన్నతనంలో పొయ్యి శుభ్రం చెయ్యడమంటే రోజూ ఉండే పనే కదా. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మ కట్టెల పొయ్యిలో బూడిద ఎత్తి, పేడతో అలికి, నాలుగు గీతలు ముగ్గు పెట్టి గాని పడుకునేది కాదు. తర్వాత కిరసనాయిలు స్టవ్వులు వచ్చాయి, గ్యాసు పొయ్యిలు వచ్చాయి. అలకడం పోయింది గాని తుడవడం పోలేదు. పాలు పొంగినా, పప్పు పొర్లినా ఆ తుడిచే చెయ్యి మనదే. అలాంటి మనకు ‘తనంతట తానే’ అన్న మాట వినబడితే ప్రాణం లేచి రాదూ? నాకూ అలాగే వచ్చింది.

మా అమ్మాయి ఉండేది న్యూజెర్సీలో. దాని రెండో కాన్పుకి నవంబరు నెల మొదట్లో వెళ్లాను. అక్కడి వంటింట్లో పైన నాలుగు పొయ్యిలు, వాటి కింద పెద్ద పెట్టెలాంటి ఓవెన్, రెండూ కలిపి ఒకే యంత్రంగా ఉంటుంది. దాన్ని వాళ్లు ‘రేంజ్’ అంటారు. ఆ దేశస్థులకు ఆ ఓవెన్‌తోనే పని. రొట్టె, కేకు, మాంసం, కూరగాయలు అన్నీ అందులోనే కాలుతాయి. మన వాళ్ల ఇళ్లల్లో దానికి వేరే ఉద్యోగం. మూకుళ్లూ పెనాలూ కుక్కర్లూ దాచుకునే బీరువా అది! మీరు నవ్వుతున్నారు గాని, నేను చూసిన మన ఇళ్లన్నింటా ఇదే వరస. ఎప్పుడైనా పిల్లలకి పిజ్జా వెయ్యాలంటే సామానంతా బయటికి తీసి గట్టు మీద పేర్చడం, అయ్యాక మళ్లీ లోపలికి సర్దడం.

ఇక ఆ ‘సెల్ఫ్ క్లీన్’ మీట సంగతి. ఇది కొత్త వింతేమీ కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1963లోనే ఇలాంటి ఓవెన్‌ను అమ్మకానికి తెచ్చింది. పేరు చూసి మనం ఏమనుకుంటాం? లోపల నీళ్లూ సబ్బూ చిమ్మి, బట్టలుతికే యంత్రంలా కడిగేస్తుందనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కంతా. ఈ పద్ధతిలో చుక్క నీరుండదు, సబ్బూ ఉండదు. ఉన్నదల్లా నిప్పులాంటి వేడి. అది కడుక్కోవడం కాదు, కాల్చుకోవడం.

ఎంత వేడి అంటారా? మామూలుగా వంటకి ఆ ఓవెన్‌ను మహా అయితే 500, 550 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పెడతారు. మన లెక్కలో 260 నుంచి 290 సెంటిగ్రేడ్ అనుకోండి. ఈ మీట నొక్కితే వేడి సుమారు 900 డిగ్రీల ఫారన్‌హీట్‌కి, అంటే 480 సెంటిగ్రేడ్ దరిదాపులకి పోతుంది. గంటల తరబడి అలాగే ఉంటుంది. గోడలకు అంటుకున్న నెయ్యి, నూనె, జున్ను, పాకం అన్నీ ఆ వేడికి మాడి, బొగ్గై, చివరికి బూడిదై రాలిపోతాయి. ఆ వేడిలో ఎవరూ తెరవకుండా తలుపు దానంతటదే తాళం పడుతుంది. లోపలి వేడి తగినంత తగ్గేదాకా మీరు లాగినా రాదు. ఈ తంతు రెండు గంటల నుంచి నాలుగైదు గంటల దాకా ఉంటుంది. చల్లారడానికి ఆ పైన ఇంకో గంటైనా పడుతుంది.

ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలియదు.

ఆవేళ గురువారం. అమ్మాయినీ అల్లుడు గారినీ డాక్టరు రమ్మన్నారు. ఆరేళ్ల మనవడు బడికి వెళ్లాడు. ఇంట్లో నేనూ, వాడి పెంపుడు పిట్టా మిగిలాం. మన ఊళ్లో లవ్ బర్డ్స్ అంటామే, ఆ జాతి చిన్న పచ్చ పిట్ట. వంటింటి పక్కనే భోజనాల బల్ల దగ్గర దాని పంజరం. వాడు దానికి ‘బుజ్జి’ అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున లేవగానే వాడు దానికి గింజలు వేశాకే పాలు తాగేవాడు.

పురుడు వస్తోంది, బారసాల వస్తుంది, నలుగురూ వస్తారు, ఈలోగా ఇల్లంతా బాగుచేద్దామని నా ఆరాటం. ఓవెన్ తెరిచి చూద్దును గదా, అడుగున జున్ను కారి నల్లగా గడ్డకట్టి ఉంది. మీట ఉందిగా అనుకున్నాను. మూకుళ్లూ కుక్కరూ బయట పెట్టాను. అట్టడుగున నల్లటి రేకు ఒకటి పరిచినట్టుంది. అది ఓవెన్ అడుగేననుకుని వదిలేశాను. మీట నొక్కాను. తలుపు ‘టక్’మని తాళం పడింది. బయట విపరీతమైన చలి, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఎంత సుఖమైన పనో అనుకుంటూ పక్కగదిలో కూర్చుని ప్రత్తి వత్తులు చేసుకుంటున్నాను.

ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, ఏదో ఘాటైన వాసన. సరేలే, పాత మురికి కాలుతోంది కాబోలు అనుకున్నాను. ఇంకాసేపటికి సన్నగా పొగ. లేచి వెళ్లేసరికి వంటిల్లంతా మసగ్గా ఉంది. తలుపు లాగాను, రాలేదు. రాకపోవడమే మంచిదైందని తర్వాత తెలిసింది. మీట ఆపేశాను. ఈలోగా పొగ పసిగట్టే గంట, దాన్ని స్మోక్ డిటెక్టర్ అంటారు, చెవులు చిల్లులు పడేలా మోగడం మొదలెట్టింది. కిటికీలు ఒక్కొక్కటే తీసుకుంటూ పంజరం దగ్గరికి వచ్చాను. పిట్ట కింద పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే ఒంట్లో వెచ్చదనం ఇంకా పోలేదు. ప్రాణం మాత్రం లేదు.

ఫోను చేస్తే అల్లుడు గారు, “అత్తయ్యా, ముందు మీరు బయటికి వచ్చెయ్యండి, మిగతావి తర్వాత” అన్నారు. శాలువా కప్పుకుని వాకిట్లో మెట్ల మీద కూర్చున్నాను. ఆ రాత్రి నాకు వణుకుతో జ్వరం, ఛాతీ బరువు, ఒళ్లునొప్పులు. మర్నాటికి తగ్గిపోయాయి. చలికి తిరగబెట్టిందనుకున్నాను. తర్వాత డాక్టరు వివరం అడిగి, అది జలుబు జ్వరం కాదు, ఆ పొగ పీల్చినందువల్ల వచ్చిందన్నారు. దానికి ‘పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్’ అని పేరు కూడా ఉందట.

ఇంతకీ జరిగిందేమిటి? నేను ఓవెన్ అడుగు అనుకున్న ఆ నల్ల రేకు అడుగు కాదు. కేకులు కాల్చుకునే నాన్‌స్టిక్ పళ్లెం. అంటుకోకుండా వాటికి పూసే పూత మామూలు వంట వేడికి బాగానే ఉంటుంది. 260 సెంటిగ్రేడ్ దాటిన దగ్గర్నుంచి అది చెడడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ విషవాయువులు వదులుతుంది. నేను దాన్ని 480 డిగ్రీల మంటకి అప్పగించాను. మనుషులకి ఒక పూట జ్వరంతో పోయేది పిట్టకి ప్రాణం మీదికి వస్తుంది. పక్షుల ఊపిరితిత్తుల కట్టడి వేరు. మనకంటే ఎక్కువగా గాలిలో ఉన్నదాన్ని ఒంట్లోకి లాగేసుకుంటాయి, పైగా పిడికెడంత శరీరం. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1980ల దాకా కానరీ పిట్టల్ని వెంట తీసుకువెళ్లేవారు. అది ఇందుకే.

ఆ పళ్లెం లేకపోయినా పిట్టని అక్కడ ఉంచడం తప్పేనని తర్వాత తెలిసింది. ఉత్త మురికి కాలిన పొగ కూడా వాటికి ప్రమాదమే. ఓవెన్‌తో వచ్చే పుస్తకంలో, పక్షులుంటే దూరంగా గాలి ఆడే గదికి మార్చమని స్పష్టంగా ఉంది. ఆ పుస్తకం వంటింటి సొరుగులోనే, నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నేను తెరవలేదు.

మూడున్నరకి మనవడు బడి బస్సు దిగుతాడు. అంతకుముందే అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, “అమ్మా, చలికి చచ్చిపోయిందని చెప్పేద్దాం. నీ మీద కోపం పెట్టుకుంటాడు” అంది. తల్లి మనసు, నా మీద జాలి. కాని నాకు మనసొప్పలేదు. చలికి అంటే, రాత్రి గుడ్డ కప్పలేదని వాడు తనను తాను అనుకుంటాడు. నా తప్పు పసివాడి మీదికి ఎందుకు పోవాలి? వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, “నాన్నా, అమ్మమ్మ తెలియక ఒక మీట నొక్కింది. ఆ పొగకి నీ బుజ్జి చచ్చిపోయింది. తప్పు నాదే” అన్నాను. వాడు ఏడ్చాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు ఒక కాగితం మీద వంకరటింకర అక్షరాలతో ఏదో రాసి ఓవెన్ తలుపుకి అంటించాడు. ఏమిటని అమ్మాయిని అడిగాను. ‘ముందు పిట్టని బయట పెట్టండి’ అని రాశాడట. ఇంట్లో ఇంక పిట్ట లేదు. అయినా నేను తిరిగి వచ్చేదాకా ఆ కాగితం అలాగే ఉంది.

ఆ కాగితం చూసిన రోజునే వాణ్ణి పక్కన పెట్టుకుని ఆ పుస్తకం మొదటినుంచీ చదివించుకున్నాను. వాడు చదివేవాడు, అమ్మాయి తెలుగులో చెప్పేది. పురుడైంది, బారసాల అయింది. ఓవెన్ జోలికి పోలేదు. ఏప్రిల్లో, నా ప్రయాణానికి ముందు, చలి తగ్గి కిటికీలు తీసుకునే రోజులు వచ్చాక, నేనూ అల్లుడు గారూ కలిసి ఆ పని పద్ధతి ప్రకారం చేశాం. అది ఎలా చేశామో వరసగా చెబుతాను. కాగితం పెన్సిలు ఉంటే రాసుకోండి.

మొదటిది, ఇంట్లో మనుషుల సంగతి. అమ్మాయినీ మూడు నెలల పసిబిడ్డనీ ఆ పూటకి స్నేహితుల ఇంటికి పంపేశాం. గర్భిణులు, పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు, వృద్ధులు ఆ సమయంలో ఇంట్లో లేకుండా ఉంటే మేలు. మురికి కాలేటప్పుడు పొగతోపాటు కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. పక్షులుంటే వేరే ఇంటికే పంపండి. పక్కగదిలో పెట్టాంలే అనుకోకండి.

రెండోది, ఓవెన్ ఖాళీ చెయ్యడం. గిన్నెలు, పళ్లేలు, వెండిరంగు అల్యూమినియం కాగితం, ఏది ఉన్నా తీసెయ్యాలి. చెయ్యి పెట్టి అడుగంతా తడిమి చూడండి. నేను చెయ్యనిది అదే. లోపలి కమ్మీల చట్రాలు కూడా బయటికి తీయాలి. ఆ వేడికి వాటి మెరుపు పోయి, నల్లబడి, తర్వాత ముందుకీ వెనక్కీ జరగక మొరాయిస్తాయి. కొన్ని మోడళ్లలో మాత్రం ఉంచవచ్చని రాసి ఉంటుంది. అది మీ ఇంటి పుస్తకం చూసి తేల్చుకోవాలి. తీసిన చట్రాలు గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి తోమితే చాలు. ఓవెన్ కింద సొరుగుంటే అందులో ప్లాస్టిక్ డబ్బాలూ కాగితాలూ ఉంచకండి. అదీ బాగా వేడెక్కుతుంది.

మూడోది చాలామంది మరిచేది. తనంతట తానే శుభ్రపడుతుంది కదా అని పొర్లినదంతా అలాగే వదలకూడదు. కారిన నూనె, గడ్డకట్టిన జున్ను, పాకం మరకలు ముందుగా తడిగుడ్డతోనో చెక్క గరిటెతోనో తీసెయ్యాలి. నూనె ఎక్కువుంటే పొగే కాదు, లోపల మంటే లేవవచ్చు. పంచదార పాకం అలాగే కాలితే లోపలి పింగాణీ పూత దెబ్బ తింటుంది. మిగిలిన పల్చటి మరకల కోసమే ఈ మీట. బజారులో దొరికే ఓవెన్ క్లీనర్ మందు మాత్రం వాడకండి. వాటిలో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. దాని జిడ్డు మిగిలితే ఆ వేడికి లోపలి పూత పాడవుతుంది, పొగా లేస్తుంది.

నాలుగోది తలుపు అంచు. చుట్టూ అల్లిన తాడులాంటి పట్టీ ఒకటి ఉంటుంది. వేడి బయటికి రాకుండా ఆపేది అదే. దాన్ని తోమకండి, తడపకండి, కదపకండి. ఆ పట్టీకి బయట ఉన్న అంచుని మాత్రం చేత్తోనే తుడవాలి. లోపలి వేడి అక్కడిదాకా రాదు గనుక ఆ మరకలు కాలవు, ఇంకా గట్టిపడతాయి.

ఇక మీట నొక్కే వేళ. కిటికీలు రెండువైపులా తీయండి. పైన పొగ లాగే ఫ్యాను వెయ్యండి. పగటిపూట, మనిషి ఇంట్లో మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి. రాత్రి పెట్టి పడుకోవడం, పెట్టి బజారుకి పోవడం రెండూ వద్దు. చాలా రేంజ్‌లలో ఈ పని జరుగుతున్నంతసేపూ పైపొయ్యిలు కూడా వెలగవు. కాబట్టి పాలు కాచుకోవడం, వంట చేసుకోవడం ముందే ముగించండి. మేము కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టుకున్నాం. ఓవెన్ తలుపు బయటవైపు కూడా వేడెక్కుతుంది. పాకే పిల్లలూ నడక నేర్చే పిల్లలూ అటు పోకుండా చూడాలి. పొయ్యి మీద గిన్నెలూ, తలుపు పిడికి తగిలించే తువ్వాళ్లూ తీసెయ్యండి.

అన్నీ చేశాక కూడా కాస్త పొగా వాసనా వస్తాయి. కంగారు పడనక్కరలేదు. లోపల మంట కనబడితే మాత్రం మీట ఆపి, తలుపు జోలికి పోకండి. మూసిన తలుపు లోపల గాలి చాలక మంట ఆరిపోతుంది. తెరిస్తే భగ్గుమంటుంది. ఆనాడు తాళం నన్ను తెరవనివ్వకపోవడం ఎంత అదృష్టమో తర్వాత అల్లుడు గారు చెబితే ఒళ్లు జలదరించింది. మంట ఆరకపోతే అందర్నీ తీసుకుని బయటికి వచ్చి 911కి ఫోను చెయ్యాలి. అక్కడ నిప్పుకైనా, పోలీసుకైనా, ఆంబులెన్సుకైనా అదే నంబరు. పెద్దవాళ్లం ఇంట్లో ఒంటరిగా ఉంటాం గనుక ఆ మూడంకెలూ, ఆ ఇంటి చిరునామా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

పని అయ్యి, తాళం ఊడి, ఓవెన్ పూర్తిగా చల్లారాక తలుపు తీశాం. నల్లటి గడ్డలున్న చోట గుప్పెడు తెల్లటి బూడిద. తడిగుడ్డతో తుడిస్తే వచ్చేసింది. లోపల కొత్తదానిలా మెరిసింది. చట్రాల అంచులకి వేలితో ఇంత వంటనూనె రాసి లోపలికి తోశాం, సాఫీగా జరిగాయి. ఆ బూడిద ఎత్తుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పొయ్యిలో రాత్రిళ్లు మిగిలేదీ బూడిదే, ఈ పొయ్యిలో మిగిలేదీ బూడిదే. ఎత్తే చెయ్యీ మనదే.

ఇంకో మాట. ఆ పని పండగ ముందు రోజో, బారసాల ముందు రోజో పెట్టుకోకండి. అంత వేడికి ఒక్కోసారి లోపలి ఫ్యూజు పోతుంది, లేకపోతే తలుపు తాళం పట్టేసి ఊడదు. ఆ దేశంలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ అని పెద్ద పండగ. దాని ముందర ఈ మీట జోలికి పోవద్దని మరమ్మతు చేసేవాళ్లు హెచ్చరిస్తూంటారు. మర్నాడు ఇంటినిండా చుట్టాలు, ఓవెన్ తెరుచుకోదు, మరమ్మతు మనిషి దొరకడు! ఇల్లలకగానే పండగ కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. అలకడంతోనే పండగ ఆగిపోయే ప్రమాదం ఇక్కడ ఉంది.

అన్ని ఓవెన్లూ ఒకలాంటివి కావు. కొన్నింటిలో ఆవిరితో శుభ్రం చేసే పద్ధతి ఉంటుంది. అడుగున చెప్పినంత నీళ్లు పోసి మీట నొక్కితే, తక్కువ వేడి మీద, గంటలోపే పని అవుతుంది. పొగ ఉండదు. కాకపోతే మురికి నానుతుంది గాని పోదు, తర్వాత మనం తుడవాలి. యూరప్‌లో వాడే కొన్నింటిలో గోడలకు గరుకుగా ఉండే పలకలు ఉంటాయి. వంట వేడికే నూనె మరకలు వాటి మీద కరిగిపోతాయి. వాటిని పీచుతో తోమితే ఆ గుణం పోతుంది. మీరు వెళ్లిన ఇంట్లో ఏ రకముందో ముందు పిల్లల్ని అడగండి. అడగడానికి మొహమాటం దేనికి? మన ఇంటికొచ్చిన కోడలు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడగదూ?

మీట వద్దనుకుంటే చేతి పని ఉండనే ఉంది. తినే సోడా నీళ్లతో ముద్దగా కలిపి, కాల్చే కమ్మీలకు తగలకుండా లోపల రాసి, రాత్రంతా వదిలి, తెల్లవారి తడిగుడ్డతో తుడిచెయ్యండి. మిగిలిన తెల్లటి పొర మీద కాస్త వినిగర్ చల్లి మళ్లీ తుడిస్తే సరి. చెయ్యి నొస్తుంది గాని పొగ భయం లేదు. నా మటుకు నేను, ఇంట్లో పసిబిడ్డ ఉన్నంతకాలం ఇదే మంచిదంటాను.

మా ఇంటి సంగతేమిటి అని అడుగుతున్నారు కదూ? మన ఇళ్లల్లో బల్ల మీద పెట్టుకునే చిన్న ఓవెన్లకి, అదే ఓటీజీలకి, సాధారణంగా ఈ మీట ఉండదు. ప్లగ్గు తీసి, చల్లారనిచ్చి, కింది రేకులో పడ్డ పొడి దులిపి, పిండిన గుడ్డతో తుడవడమే. మైక్రోవేవ్‌లో అయితే గిన్నెడు నీళ్లలో నిమ్మచెక్కలు వేసి, అందులో చెక్క చెంచా ఒకటి ఉంచి మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, కాసేపు తలుపు తీయకుండా వదిలితే ఆ ఆవిరికి మరకలు మెత్తబడతాయి. అయితే ఇప్పుడు మన నగరాల్లో గోడలో అమర్చే పెద్ద ఓవెన్లూ అమ్ముతున్నారు. వాటిలో కొన్నింటికి ఈ కాల్చే పద్ధతి ఉంది. కొనేవాళ్లు ఇందాకటి జాగ్రత్తలన్నీ ఇక్కడా పాటించాలి.

ఓవెన్ లేని ఇంటికి కూడా వర్తించే సంగతి ఒకటుంది. నాన్‌స్టిక్ పెనం. గ్యాసు మీద పెనం పెట్టి, ఎవరో తలుపు కొట్టారనో ఫోను మోగిందనో వెళ్లిపోతాం. ఉత్త పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే ఆ పూత చెడే వేడికి చేరుతుంది. దోసె పిండో నూనె చుక్కో పడకుండా దాన్ని పొయ్యి మీద వదలకండి. వంటింటి వసారాలో లవ్ బర్డ్స్ పంజరం తగిలించిన ఇళ్లు మన ఊళ్లోనూ ఎన్నో చూశాను. ఆ పంజరం ఇవాళే అక్కడినుంచి మార్చండి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటీ చేస్తే నాకు తృప్తి.

యంత్రాలు వద్దని నేను అనడం లేదు. గ్యాసు వద్దని మా అమ్మ అంటే నేనూ వినలేదు. ‘తనంతట తానే’ అన్న మాటని మాత్రం పూర్తిగా నమ్మకండి. ముందు ఖాళీ చెయ్యడం, తుడవడం, కిటికీలు తీయడం, దగ్గరుండి కనిపెట్టుకోవడం, చివరికి బూడిద ఎత్తడం అన్నీ మన వంతే. యంత్రం చేసేది మధ్యలో కాల్చే పని ఒక్కటే. నిప్పు కట్టెల పొయ్యిలో ఉన్నా, తాళం పడిన తలుపు వెనక ఉన్నా నిప్పే. దాని దగ్గర మనం చూపించే భయభక్తులు మాత్రం మారకూడదు.

మొన్న ఫోనులో మా మనవడు, “అమ్మమ్మా, నాన్న మళ్లీ పిట్టను కొనిపెడతానంటున్నారు” అన్నాడు. “మంచిదే నాన్నా, పంజరం ఎక్కడ పెడతావు?” అని అడిగాను. “మేడ మీద నా గదిలో. ఓవెన్ పెట్టే రోజు పక్కింటి వాళ్లకిచ్చి వస్తాను” అన్నాడు. ఆరేళ్లవాడికి తెలిసింది, అరవై దాటిన నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!



(మహిళల రేడియో కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)